మన మెయిల్‌ను గడప కాడ ఆపుతున్నదెవరు?

మెయిల్ పంపుడు వేరు, అది చేరుడు వేరు. ఈ రెండింటి నడుమ ఇప్పుడు ఇద్దరు ముగ్గురు పెద్ద కావలోళ్లు నిలవడ్డరు. వాళ్లు తలుపు తీస్తేనే మన ఉత్తరం లోపటికి పోతది. ఎందుకు తియ్యలేదని అడిగితే జవాబు రాదు. ఈ సంగతి మీద మన దిక్కు ఎవరూ మాట్లాడ్తలేరు, అందుకే నేను రాస్తున్న.

"ఇంకా మెయిల్ ఎవడు వాడుతుండన్నా, అంత వాట్సప్‌లనే కదా" అని తమ్ముళ్లు నవ్వుతరు. నవ్వున్రి గని, నౌకరి కాల్ లెటర్ యాడికి వస్తున్నదో ఒక్కసారి యాదికి తెచ్చుకోన్రి. కాలేజీ సీటు ముచ్చట, బ్యాంకు కాగితం, ఎంబసీకి పెట్టుకున్న అర్జీకి జవాబు, అన్నీ మెయిల్‌కే వస్తయ్. వాట్సప్ గ్రూపంటే ఒక కంపెనీ జాగల ఏసుకున్న గుడిసె. పొమ్మంటే పోవాలె. మెయిల్ కథ వేరే. దానికి ఓనర్ లేడు. 1982ల జాన్ పోస్టెల్ అనే అమెరికా ఇంజినీరు రాసిన ఎస్‌ఎంటీపీ నియమాల మీదనే, మధ్యల కొన్ని మార్పులతోని, ఇయ్యాల్టికీ ప్రపంచంల మెయిల్ అంత నడుస్తున్నది. ఆ నియమాలు పాటిస్తే చాలు, జగిత్యాల కాడి పల్లెల ఉన్నోడు గూడ సొంత మెయిల్ సర్వర్ పెట్టుకోవచ్చు. ఎవరి పర్మిషన్ అక్కర్లేదు. కాగితం మీద ఈ హక్కు ఇప్పటికీ ఉన్నది.

నేను ఆ హక్కును కొన్నేండ్ల సంది వాడుకుంటున్న. గల్ఫ్‌ల పనిజేసే మనోళ్లు, ఇక్కడ వాళ్ల ఇంటోళ్లు, వాళ్ల కేసులు చూసే వకీళ్లు, ఇద్దరు ముగ్గురు విలేకర్లు, మొత్తం రెండు వందల చిల్లర మందికి ఒక మెయిలింగ్ లిస్టు నడుపుతున్న. ఒక్క అడ్రస్‌కు రాస్తే అందరికీ పోతది, అందరి జవాబు అందరికీ వస్తది, పాత ఉత్తరాలు తారీఖుతోని సహా దొరుకుతయ్. నెలకు ఐదు వందల లోపు కిరాయికి ఒక చిన్న సర్వర్, ఏడాదికోసారి డొమైన్ పైసలు. నేను కంప్యూటర్ చదువు చదివినోణ్ని కాదు. చూసి, అడిగి, రాత్రిళ్లు కూసోని నేర్చుకున్న.

పోయినేడు ఒకరోజు దమ్మాంల ఉన్న తమ్ముడు ఫోన్ జేసిండు. "అన్నా, నాలుగు దినాల సంది ఒక్క మెయిల్ రాలే, లిస్టు బంద్ వెట్టినవా?" అన్నడు. బంద్ వెట్టుడేంది, ఆ నాలుగు దినాలల్ల పదకొండు ఉత్తరాలు పోయినయ్. అండ్ల ఒకటి ఆయన ఉన్న ఊరి దవాఖానల పడి ఉన్న మనిషి గురించి. ఎవరన్న దగ్గర్ల ఉంటే పోయి చూడున్రని ఆ ఇంటోళ్లు బతిలాడుకుంటూ రాసింది. దవాఖానకు అరగంట దూరంల ఉన్నోడికి ఆ ముచ్చట చేరనే లేదు. పంపినోళ్లేమో 'పంపినం' అనుకున్నరు.

ఇగ పనిల వడ్డ. సొంత సర్వర్ ఉన్నోడికి ఒక లాభం ఉంటది. ఏం జరిగిందో లాగ్‌ల రాసి ఉంటది. పోస్ట్‌ఫిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేటోళ్లకు ప్రతి ఉత్తరం ఎదురుంగ మూడు మాటలల్ల ఒకటి కనవడ్తది: సెంట్, డిఫర్డ్, బౌన్స్‌డ్. దాని పక్కనే అవతలి సర్వర్ చెప్పిన మూడంకెల నంబర్ ఉంటది. రెండుతోని మొదలైతే తీసుకున్నరు. నాలుగుతోని మొదలైతే 'ఇప్పుడు కాదు, మల్ల రా'. ఐదుతోని మొదలైతే 'రావద్దు'. నాలుగు నంబరే మనల్ని ఎక్కువ మోసం జేస్తది. మన సర్వర్ ఓపికతోని మల్ల మల్ల తలుపు కొడ్తనే ఉంటది, మామూలుగ ఐదు దినాల దాక. అప్పటి దాక పంపినోనికి గట్టి మాట ఏదీ తెల్వది. ఆ దవాఖాన ఉత్తరం గట్లనే క్యూల కూసున్నది. ఇంకో సంగతి, రెండు నంబర్ వచ్చినా ఇన్‌బాక్స్‌లకు పోయినట్టు గాదు. తీసుకొని స్పామ్ డబ్బాల పడేస్తే మనకు కబురే ఉండది.

లాగ్‌ను కంపెనీల వారీగ విడగొట్టి చూస్తే రోగం ఒకటి గాదు, రెండు. ఒక పెద్ద కంపెనీ మా సర్వర్ నుంచి ఏదొచ్చినా ఆపుతున్నది, నేను సొంతంగ రాసిన ఉత్తరంతో సహా. ఇంకో కంపెనీ నా సొంత ఉత్తరం తీసుకుంటున్నది గని, లిస్టు మీద కొందరు రాసినవి మాత్రం 550 అని ఎనుకకు కొడ్తున్నది. ఇట్ల విడగొట్టి చూసుడు ముఖ్యం. అన్నీ ఆగితే సర్వర్ అడ్రస్ మీద అనుమానం. లిస్టు ఉత్తరాలే ఆగితే లిస్టు నడిచే తీరు మీద అనుమానం.

రెండో రోగం ముందు చెప్త, ఎందుకంటే దాని ఎనుక ఒక చరిత్ర ఉన్నది.

మెయిల్‌ల 'ఫ్రమ్' అని ఎవరి పేరైనా రాసుకోవచ్చు. 1982 నియమాలల్ల దానికి అడ్డు లేదు. దొంగలు ఇదే వాడుకున్నరు. బ్యాంకు పేరుతోని, కంపెనీ హెచ్ఆర్ పేరుతోని రాసి పైసలు గుంజిన్రు. కంబోడియాల డేటా ఎంట్రీ నౌకరి అని ఆశ వెట్టి మన పోరగాళ్లను సైబర్ మోసాల డెన్‌లకు అమ్మిన కథలు పేపర్లల చదివినం కదా. కాబట్టి కావలి అవసరమే, నేను కాదంటలేను. ఆ కావలి మూడు మెట్లల్ల వచ్చింది. ఎస్‌పీఎఫ్ అంటే మన డొమైన్ పేరు మీద ఉత్తరాలు మోసే హక్కు ఏయే సర్వర్లకు ఉన్నదో చెప్పే చిట్టా. డీకిమ్ అంటే ఉత్తరానికి ఏసిన సీలు. మీసేవల తీసిన ఆదాయం సర్టిఫికెట్ మీద పెన్నుతోని ఒక్క అక్షరం దిద్దినా ఆఫీసోళ్లు తీసుకోరు చూడున్రి, గట్లనే ఉత్తరంల అక్షరం మారితే ఈ సీలు చెల్లది. మూడోది డీమార్క్. చిట్టా, సీలు రెండిట్ల ఒక్కటి గూడ ఫ్రమ్‌ల ఉన్న పేరుతోని కలవకపోతే ఏం జెయ్యాల్నో డొమైన్ ఓనర్ ముందే రాసి పెడ్తడు: చూసీ చూడనట్టు ఉండు, స్పామ్‌ల పడెయ్యి, లేకుంటే రిజెక్ట్ చెయ్యి.

ఇప్పుడు మెయిలింగ్ లిస్టు ఏం జేస్తదో చూడున్రి. ఒకడు రాసిన ఉత్తరాన్ని అదే పేరుతోని రెండు వందల మందికి మల్ల పంపుతది. మోస్తున్నది మా సర్వర్, రాసినోని కంపెనీ సర్వర్ గాదు. చిట్టాల మా పేరు ఉండది. పైన సబ్జెక్ట్‌ల లిస్టు పేరు తగిలిస్తం, కింద 'లిస్టు నుంచి తప్పుకోవాల్నంటే ఇక్కడ నొక్కున్రి' అని రాస్తం. సీలు పగిలింది. నిజాయితీగ చేసే పని, దొంగ చేసే పని లెక్క కనవడ్తది.

2014 ఏప్రిల్‌ల యాహూ తన వాడుకదారుల పేర్లకు ఈ రిజెక్ట్ నియమం పెట్టింది. అదే నెలల ఏఓఎల్ గూడ పెట్టింది. యాహూ కోణంల అది దొంగ ఉత్తరాల మీద యుద్ధం. దెబ్బ తాకింది మాత్రం ప్రపంచంల ఉన్న మెయిలింగ్ లిస్టులకు. యాహూ అడ్రస్ ఉన్నోడు లిస్టుకు ఒక ఉత్తరం రాస్తడు. అది జీమెయిల్ సభ్యులకు పోతది. జీమెయిల్ యాహూ చెప్పిన మాట ప్రకారం ఎనుకకు కొడ్తది. లిస్టు నడిపే మెయిల్‌మ్యాన్ సాఫ్ట్‌వేర్ ఏమనుకుంటది? ఈ జీమెయిల్ సభ్యుని అడ్రస్ పని చేస్తలేదు అనుకుంటది. ఉత్తరం తిరిగొచ్చిన రోజుకొక మార్కు ఏస్తది, మామూలు సెట్టింగ్‌ల ఐదు మార్కులు అయినంక వానికి మెయిల్ ఆపేస్తది, కొన్ని హెచ్చరికలు పంపి లిస్టు నుంచే తీసేస్తది. రాసినోడొకడు, ఆపినోడింకొకడు, పేరు కొట్టేసింది మూడోనిది. ఎన్నికల లిస్టుల పేరు గల్లంతైనట్టు మెంబర్లు గల్లంతు. మా లిస్టుల గూడ అట్ల పోయినోళ్లు పద్నాలుగు మంది.

దీనికి మందు ఉన్నది, చేదుగనే ఉంటది. మెయిల్‌మ్యాన్‌ల ఒక సెట్టింగ్ మారిస్తే ఫ్రమ్‌ల రాసినోని అడ్రస్ తీసి లిస్టు అడ్రస్ పెడ్తది. 'ఫలానా మనిషి, లిస్టు ద్వారా' అని పేరొస్తది. అప్పుడు మా డొమైన్ సీలు, మా చిట్టా, మా పేరు మూడూ కలుస్తయ్. ఉత్తరం పోతది. నష్టమేందంటే, చూసెటోనికి రాసిన మనిషి సొంత అడ్రస్ ఎదురుంగ కనవడది. ఒక్కనికే రాస్తున్న అనుకొని ఇంటి ముచ్చట రెండు వందల మందికి పంపే ప్రమాదం పెరుగుతది. మాకు ఒకసారి అయ్యింది, ఆ వివరం వద్దు. సబ్జెక్ట్‌ల తగిలింపు, కింద రాత రెండూ తీసేస్తే సీలు పగలదు, అదింకో దారి. 2019ల ఏఆర్‌సీ అనే కొత్త పద్ధతి వచ్చింది. నడుమ మోసిన సర్వర్ 'నా చేతికి వచ్చినప్పుడు సీలు బాగనే ఉండె' అని సాక్ష్యం రాస్తది. మంచి ఆలోచనే గని, ఆ సాక్షిని నమ్మాల్నా వద్దా అన్నది మల్ల అవతలి కంపెనీ ఇష్టం. పల్లెటూరి సాక్షి మాట కోర్టుల ఎంత చెల్లుతదో మీకు తెల్వదా.

ఇగ మొదటి రోగం. సర్వర్ అడ్రస్‌ది.

ముందు నా ఇంటి కాగితాలు సక్కగ ఉన్నయా చూసుకున్న. నంబర్ నుంచి పేరు చెప్పే పీటీఆర్ రికార్డు ఉండాలె. ట్రూకాలర్‌ల మీ నంబర్ కొడితే మీ పేరే వచ్చినట్టు. దాన్ని పెట్టేది డొమైన్ ఓనర్ గాదు, సర్వర్ కిరాయికి ఇచ్చినోడు. ఐపీవీ6 అడ్రస్‌కు గూడ విడిగ ఉండాలె, చాలా మంది ఐపీవీ4కు పెట్టి అది మర్చిపోతరు. నాకు రెండూ ఉన్నయ్. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పాస్. తర్వాత స్పామ్‌హౌస్ లాంటి సంస్థలు నడిపే బ్లాక్‌లిస్టులు చూసిన. అండ్ల గూడ తేడాలు ఉంటయ్. పీబీఎల్ అనేది నేరస్తుల జాబితా గాదు, ఇంటి బ్రాడ్‌బ్యాండ్ లాంటి లైన్ల నుంచి నేరుగ మెయిల్ పోవద్దని పెట్టిన చిట్టా. ఇంట్ల కంప్యూటర్ మీద సర్వర్ నడపలేకపోయేది అందుకే. ఇంకో తిరకాసు ఏందంటే, గూగుల్ 8.8.8.8 లాంటి అందరి డీఎన్‌ఎస్ నుంచి అడిగితే స్పామ్‌హౌస్ అసలు జవాబు ఇయ్యదు, 127.255.255.254 అనే సంకేతం పంపుతది. 'నువ్వు అడిగే తీరు సక్కగ లేదు' అని దాని అర్థం. దాన్ని 'జాబితాల ఉన్నవు' అని చదువుకొని మంచి ఉత్తరాలు వాపస్ కొట్టే సర్వర్లు ఉన్నయ్. నీళ్ల బిల్లు చూసి కరెంటు కోసినట్టు.

నా అడ్రస్ ఏ పెద్ద జాబితాల లేదు. మరెందుకు ఆపిన్రు? ఎనుకకు వచ్చిన మాటల ఒక్క ముక్క దొరికింది: మీ నెట్‌వర్క్‌ల కొంత భాగం మా బ్లాక్‌లిస్టుల ఉన్నది. అంటే నా పక్క ఇంటోడు ఎవడో స్పామ్ కొట్టిండు. 256 అడ్రస్‌ల వాడకట్టు మొత్తం బంద్ పెట్టిన్రు. నిజామాబాద్ దిక్కు కొన్ని ఊర్లల్ల గ్రామాభివృద్ధి కమిటీలు ఒక్కడు మాట వినలేదని వాని కులపోళ్లందరినీ వెలి వేసినయని వార్తలు చదివినప్పుడు మనకు రక్తం మరుగుతది. పోలీసు కేసులు గూడ అయినయ్. ఇక్కడ కేసు ఎవరి మీద పెడ్తం? సర్వర్ కిరాయికి ఇచ్చినోడు 'అది వాళ్ల పాలసీ' అన్నడు. అవతలి కంపెనీ వెబ్‌సైట్‌ల ఒక ఫారం ఉన్నది. నింపిన. మిషన్ జవాబు వచ్చింది, మీ అడ్రస్ సడలింపుకు అర్హత పొందలేదని. ఎందుకు పొందలేదో లేదు. ఎవరిని అడగాల్నో లేదు. ఆ జవాబుకే మల్ల రాసిన, 'మనిషి చూడాలె' అని. రెండు వారాలకు తలుపు తెరిచిన్రు. ఎందుకు తెరిచిన్రో గూడ చెప్పలే.

నా గొడవ నియమాల మీద గాదు. 2024 ఫిబ్రవరి సంది గూగుల్, యాహూ నియమాలు గట్టిగ చేసినయ్. జీమెయిల్‌కు దినానికి 5000 మెయిళ్లు పంపేటోళ్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలె, ఒక్క నొక్కుతోని తప్పుకునే వీలుండాలె. చిన్నోళ్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్‌ల ఒకటన్న ఉండాలె, పీటీఆర్ ఉండాలె. 2025 మే నుంచి మైక్రోసాఫ్ట్ గూడ తన అవుట్‌లుక్ మెయిల్‌కు, పెద్ద సంఖ్యల పంపేటోళ్ల మీద ఇసుంటివే పెట్టింది. ఇవన్నీ రాసి పెట్టిన నియమాలు. చదువుకోవచ్చు, పాటించొచ్చు. గుబులు పుట్టించేది రాయని నియమం. 'రెప్యుటేషన్' అంటరు దాన్ని. పరపతి అనుకోన్రి.

రాసిన నియమంల గూడ చిన్నోనికి ఒక గుంత ఉన్నది. గ్రహీతలు స్పామ్ అని నొక్కే రేటు 0.3 శాతం దాటొద్దు అంటది గూగుల్. వెయ్యికి ముగ్గురు. లక్ష మందికి ఆఫర్లు పంపే దుకాణానికి మూడు వందల మంది నొక్కినా అదే లెక్క. మా లిస్టుల 200 మందికీ జీమెయిలే ఉన్నదనుకుందాం, ఒక్కడు పొరపాటున వేలు జారిస్తే 0.5 శాతం. ఆ ఒక్కడు కోపంతోని నొక్కడు. లిస్టు నుంచి ఎట్ల తప్పుకోవాల్నో తెల్వక, కనిపించిన బటన్ నొక్కుతడు. పోనీ మన రేటెంతో చూసుకుందామంటే గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్ అనే పేజీ ఉన్నది. తక్కువ మెయిళ్లు పంపేటోళ్లకు అండ్ల లెక్కలే కనవడయ్. మన మీద తీర్పు ఉంటది, మన ఫైల్ మాత్రం మనకు కనవడది.

అప్పుడు సలహాలు ఇచ్చేటోళ్లు వస్తరు. సర్వర్ ఎందుకన్నా, పెద్ద కంపెనీకి నెలకింత కడ్తే వాళ్ల ద్వారా పంపుతరు కదా అని. నిజమే, రిలే కంపెనీలు ఉన్నయ్, పని అయితది. అట్ల కట్టుడు తప్పని నేను అనను, దవాఖాన ఉత్తరం ఆగుడు కన్నా అది నయం. కాకపోతే అప్పుడు మన గల్ఫ్ కార్మికుల కేసుల కాగితాలు అన్నీ ఇంకో కంపెనీ చేతుల మీదుగ పోతయ్. రేపు వాడు ఆపితే? ఇది ఉత్త భయం గాదు. 2025 జులైల యూరోపియన్ యూనియన్ ఆంక్షలు పెట్టంగనే మైక్రోసాఫ్ట్ మన దేశంల నయారా ఎనర్జీకి మెయిల్ సేవలు ఆపింది. గుజరాత్‌ల వాడినార్ రిఫైనరీ నడిపే కంపెనీ అది. ఢిల్లీ హైకోర్టుకు పోయినంక సేవలు తిరిగి వచ్చినయ్. వాళ్లకు వకీళ్ల దండు ఉన్నది, ఢిల్లీకి పోయిన్రు. ఉచితంగ ఇచ్చిన జాగ సంగతి గూడ చూసినం. తెలుగు సాహిత్యం మీద దేశవిదేశాల మనోళ్లు ముచ్చట్లు పెట్టుకున్న 'రచ్చబండ' లాంటివి యాహూ గ్రూప్స్‌ల నడిచినయ్. యాహూ ముందు పాత ఉత్తరాలు తీసేసింది, 2020 డిసెంబర్ 15న మొత్తం గ్రూపులకే తాళం ఏసింది.

ఢిల్లీ సర్కారుకు గూడ ఈ సంగతి అర్థమైంది. కేంద్ర ఉద్యోగుల మెయిళ్లు, దాదాపు 12 లక్షలు, జోహో ప్లాట్‌ఫాం మీదికి మార్చింది. స్వదేశీ అన్నరు, మంచిదే. సర్కారుకు తన మెయిల్ తన చేతుల ఉండాలె అనే బుద్ధి పుట్టినప్పుడు, సంఘానికి, సహకార సొసైటీకి, పల్లెటూరి పత్రికకు గూడ అదే హక్కు ఎట్ల నిలబడ్తదో ఎందుకు ఆలోచించరు? తాళం అమెరికా కంపెనీ చేతుల నుంచి చెన్నై కంపెనీ చేతులకు వస్తే మన తలుపు మన చేతికి వచ్చినట్టు గాదు.

నా డిమాండ్ కొత్తది గాదు. సమాచార హక్కు చట్టం, 2005 మన చేతుల ఉన్నది. సెక్షన్ 7(8) ఏమంటది? దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాయాలె, ఎన్ని దినాలల్ల అప్పీల్ చేసుకోవచ్చో చెప్పాలె, అప్పీల్ ఎవరికి పెట్టాల్నో చెప్పాలె. మండల ఆఫీసుల క్లర్కు గూడ ఈ మూడింటికి కట్టుబడి ఉండాలె. దేశంల కోట్ల మంది మెయిల్ పెట్టెలు చేతుల పెట్టుకున్న కంపెనీలకు ఆ మూడు మాటలు ఎందుకు వర్తించవు? ఒక అడ్రస్‌ను ఆపితే కారణం, గడువు, వినే మనిషి. స్పామర్‌కు గుట్టు తెలిసిపోతదని కంపెనీలు అంటయ్. కొంత నిజం. అయినా 'నీ పక్కింటోడు చేసిండు' అనే కారణం చెప్తే ఏ గుట్టు బయట పడ్తది? పార్లమెంటుల ఐటీ చట్టాల మీద చర్చ వచ్చినప్పుడు సోషల్ మీడియా గురించి గంటలు మాట్లాడ్తరు, మెయిల్ గురించి మాట్లాడే ఎంపీ నాకు కనవడలేదు. మీ ఎంపీకి రాయున్రి. పోస్ట్‌ల గూడ ఒక కాపీ పంపున్రి, మెయిల్ చేరుతదో లేదో.

సొంతంగ సర్వర్ పెట్టాలనుకునే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఒక మాట. కిరాయికి తీసుకునే ముందే ఆ అడ్రస్ వాడకట్టు ఎసుంటిదో చూసుకోన్రి, బ్లాక్‌లిస్టుల ఉంటే వేరేది అడగున్రి. 25 నంబర్ పోర్టు తెరిచి ఇస్తరా లేదా ముందే తెలుసుకోన్రి, చాలా మంది మూసే ఇస్తరు. మొదటి దినమే రెండు వందల మందికి పంపకున్రి, పదితోని మొదలువెట్టి మెల్లగ పెంచున్రి. కొత్త మెంబర్ చేరంగనే ఫోన్ జేసి, స్పామ్ డబ్బాల చూసి 'స్పామ్ కాదు' అని నొక్కమని చెప్పున్రి, లిస్టు అడ్రస్‌ను కాంటాక్ట్‌లల్ల పెట్టమనున్రి. మా లిస్టుల నేను వారానికోసారి లాగ్ చూస్త, డిఫర్డ్ అని ఉన్న ప్రతి పేరుకు ఫోన్ జేస్త. పోయిన పద్నాలుగు మందిల పదకొండు మంది మల్ల చేరిన్రు. ముగ్గురి ఫోన్ నంబర్లు మారినయ్, ఇంకా వెతుకుతున్న.